కొత్త స్మోకర్‌కి తొలి నిప్పు, నా జేబుకి తగిలిన సెగ

తమ్ముడూ, నువ్వు పంపిన ఫొటో చూశాను. పెద్ద పీపా, పక్కన ఫైర్‌బాక్స్, అటు చివర పొగగొట్టం. ఆఫ్‌సెట్ స్మోకర్, అంటే పక్కనున్న ఫైర్‌బాక్స్‌లో నిప్పు వేసి ఆ వేడికీ పొగకీ పీపాలో మాంసం వండేది, చూడముచ్చటగా ఉంది. "శనివారం ఫ్రెండ్స్‌ని పిలిచాను అన్నా, పొద్దున్నే చికెన్ పెట్టేస్తే చాలు కదా" అని అడిగావు. చాలదు. ఆ పిలుపు పై వారానికి మార్చు. సరిగ్గా ఇదే పని 2012లో నేనూ చేశాను.

అప్పటికి టెక్సాస్‌లోని ప్లేనోలో ఇల్లు కొని ఏడాది. 180 డాలర్లు పెట్టి స్మోకర్ కొన్నాను, అప్పటి లెక్కలో ఇంచుమించు 10 వేల రూపాయలు. (ఇన్నేళ్లయినా ప్రతిదీ రూపాయల్లోకి మార్చందే నాకు నిద్ర పట్టదు. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.) నట్లు బిగించిన గంటకే కోడి కాళ్లు పరిచేశాను. నాలుగు కుటుంబాలు వచ్చాయి. మొదటి ముక్క కొరికినాయన పాపం మర్యాదస్తుడు. నమిలాడు, కష్టపడి మింగాడు, "ఫ్లేవర్ కొత్తగా ఉందండీ" అన్నాడు. అది సైకిల్ చెయిన్ వాసన. ఫ్యాక్టరీలో రేకుకి పట్టిన మెషిన్ ఆయిలూ, కొత్త పెయింటు కంపూ కలిసి కోడికెక్కాయి. 20 పౌండ్ల చికెన్ చెత్తలోకి పోయింది, పైన పిజ్జాలకి 90 డాలర్లు.

కొత్త దోసె పెనం కొనుక్కొస్తే ఇంట్లో అమ్మ ఏం చేసేది? కడిగి, నూనె రాసి, కాల్చి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మొదటి రెండు దోసెలు లెక్కలో వేసుకునేది కాదు. స్మోకర్ కూడా పెనమే, కాకపోతే మనిషంత పెనం. లోపలంతా సబ్బునీళ్లతో తుడిచి ఆరనిచ్చి, వంటనూనె రాయి. కెనోలా చాలు, ఖరీదైన నూనెలు దీనికి దండగ.

నూనె దగ్గర నేను రెండో తప్పు చేశాను. ఎక్కువ రాస్తే ఎక్కువ కాపాడుతుందనుకుని సీసా సగం ఒంపేశాను. అది కాలి గట్టిపడలేదు, బెల్లం పాకంలా జిగటగా మిగిలింది. దాని మీద దుమ్ము, చీమలు. గీకడానికి ఒక ఆదివారం పోయింది. నూనె రాశాక పొడిబట్టతో మళ్లీ తుడిచెయ్. రేకు మెరవాలి, వేలు పెడితే చుక్క జారకూడదు, అంతే.

తర్వాత ఫైర్‌బాక్స్‌లో బొగ్గు రాజేసి, బాగా రాజుకున్నాక రెండు సన్న కట్టెలు వెయ్యి. 250 నుంచి 275 ఫారెన్‌హీట్ మధ్య రెండు మూడు గంటలు కాలనీ. పొగగొట్టం మూత పూర్తిగా తెరిచే ఉంచు, వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా ఫైర్‌బాక్స్ గాలి తలుపుతోనే. మొదటి రోజే భోగిమంట వేశావంటే ఫైర్‌బాక్స్ పెయింటు పొక్కులు లేస్తుంది. తలుపు సందుల్లోంచి కాస్త పొగ కారితే కంగారుపడి సందులు మూసే గాస్కెట్ పట్టీ కొనకు. నేను 25 డాలర్లు పెట్టి కొన్నాను, అనవసరం. నాలుగు వంటలయ్యేసరికి జిడ్డూ మసీ పట్టి చిన్న సందులు వాటంతటవే మూసుకుంటాయి.

కట్టెల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఈ మాట నా నోట రావడం మా ఆవిడ వింటే నమ్మదు. పక్కింటివాళ్లు చెట్టు కొట్టిస్తే, ఊరికే వస్తోంది కదా అని కారు నిండా తెచ్చుకున్నాను. పచ్చి కట్టెలు! గాడిపొయ్యి ముందు కళ్లు తుడుచుకునే పెళ్లి వంటవాళ్లని చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియాల్సింది. తెల్లటి చిక్కటి పొగ వచ్చిందంటే మాంసం చేదు. దాదాపు కనిపించని పలచటి నీలం పొగ రావాలి. దానికి ఎండిన పోస్ట్ ఓక్ కట్టో, పెకాన్ కట్టో కావాలి. రెండూ మన టెక్సాస్‌లో దొరుకుతాయి. సంచుల్లో కొనకు, కట్టెల అడితీకి వెళ్తే అదే డబ్బుకి డిక్కీ నిండుతుంది. కంచెకి ఎంత దూరం ఉండాలి, కౌంటీలో బర్న్ బ్యాన్ (బయట నిప్పు పెట్టకూడదనే నిషేధం) ఉందా, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఏమంటుంది, ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి, చూసుకో.

అసలు పెద్ద నష్టం చెప్తాను, రాసిపెట్టుకో. బూడిద. వంటయ్యాక అలిసిపోయి, రేపు తీద్దాంలే అనుకునేవాణ్ణి. బూడిద తేమ పీల్చుకుని రేకుని తినేస్తుంది. రెండో ఏడు ఫైర్‌బాక్స్ అడుగు ఊడి, నిప్పులు గడ్డిలో పడ్డాయి. 10 వేల రూపాయల వస్తువు పాత ఇనుములోకి పోయింది. ఇప్పుడున్నదానికి తొమ్మిదేళ్లు. చల్లారాక బూడిద తీస్తాను, వేడిగా ఉండగా కవర్ కప్పను, నూనెబట్ట ఒకటి గరాజ్‌లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. మీరు వీడియోలు చూసి వెయ్యి డాలర్లవి కొంటారు, నూనెబట్ట మాత్రం ఉండదు.

ఇక టెస్టింగ్. మూత మీది థర్మామీటర్‌ని నమ్మి 70 డాలర్ల మేక తొడ బొగ్గు చేశాను. ఆ థర్మామీటర్‌ని ఊడదీసి మరిగే నీళ్లలో ముంచు. 212కి దగ్గర చూపించకపోతే అది అలంకారానికే. సరిగ్గా చూపించినా అది చెప్పేది మూత దగ్గరి వేడి, మాంసం పెట్టే జాలీ మీదిది కాదు. జాలీకి తగిలించే డిజిటల్ది ఒకటి కొనుక్కో, ఆ ఖర్చుకి నేను అడ్డు చెప్పను. చికెన్‌కి గుచ్చి చూడటానికి కూడా అది పనికొస్తుంది, లోపల 165 దాటాలి.

నూనె కాలడం అయ్యాక వేడి 350కి పెంచి, డబ్బాలో వచ్చే పచ్చి బిస్కెట్లు, మన పార్లేలు కాదు, ఇక్కడి మెత్తటివి, జాలీ పొడవునా పరిచెయ్. పావుగంటకో ఇరవై నిమిషాలకో తీస్తే ఫైర్‌బాక్స్ పక్కవి మాడి, అటు చివరివి తెల్లగా ఉంటాయి. అదే నీ స్మోకర్ మ్యాపు. ఫొటో తీసి పెట్టుకో. మొదటి వంటకి మేక కాళ్ల జోలికి పోకు, సేల్‌లో వచ్చే కోడి కాళ్లే పెట్టు, చెడినా పది డాలర్లతో పోతుంది.

మాడిన బిస్కెట్లు పారెయ్యకు. అడుగు గీకేసి టీలో ముంచుకుంటే బానే ఉంటాయి.