చెంచా వంచిన పెరుగు ఐస్‌క్రీమ్
వంటింటి ప్రశ్నలు – జవాబులు

ఈసారి సంచిలో ఉత్తరాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. బెజవాడలో ఏప్రిల్ వచ్చిందంటే కూర గురించి ఎవరూ అడగరు. చల్లగా ఏం చేసుకోవాలి, పిల్లలు బయట ఐస్‌క్రీమ్ అడగకుండా ఏం చెయ్యాలి అనే. సరే, నాలుగేళ్లుగా నేను పాడుచేసుకున్న పెరుగంతా ఇప్పుడు పనికొస్తోంది.

*అమ్మా, వీడియో చూసి పెరుగు, మామిడి గుజ్జు, తేనె కలిపి రాత్రి ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్నకి బండరాయి. తవ్వబోతే చెంచా వంగిపోయింది. మా పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. తప్పెక్కడ జరిగింది?*
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం

మీకు చెంచాయే వంగింది, మా ఇంట్లో అట్లకాడ వంగింది. బాధపడకండి.

తప్పు మీది కాదు, నీళ్లది. ఫుల్ క్రీమ్ పాలు చిక్కగా ఉంటాయనుకుంటాం కదా, వాటిలో వెన్న 6 శాతం, మిగతా ఘనపదార్థం 9 శాతం. తక్కిన 85 శాతం నీళ్లే. టోన్డ్ పాలైతే వెన్న 3 శాతమే. ఆ పాలు తోడుపెట్టిన పెరుగుని అలాగే ఫ్రీజర్లో పెడితే గడ్డకట్టేది ఐస్‌క్రీమ్ కాదు, పుల్లటి ఐసుగడ్డ. దానికి తోడు మామిడి గుజ్జులో నీళ్లొకటి. ఐస్‌క్రీమ్ కంపెనీల్లో మిషన్ దాన్ని గడ్డకట్టిస్తూనే చిలుకుతుంది, గాలి చేరుతుంది, అందుకని మెత్తగా ఉంటుంది. మనకా మిషన్ లేదు కాబట్టి ముందే నీళ్లు తీసెయ్యాలి.

లీటరు ఫుల్ క్రీమ్ పాలు తోడుపెట్టండి. ఈ ఎండకి నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది, తోడుకోగానే ఫ్రిజ్‌లోకి. పొద్దున్న తోడుపెట్టి సాయంత్రం దాకా గట్టు మీద వదిలేశారో, ఇక దాన్ని మజ్జిగపులుసుకి వాడుకోవడమే. చల్లబడిన పెరుగుని పాత పంచె ముక్కలో మూటకట్టి, గిన్నె మీద జల్లెడ పెట్టి, అందులో ఈ మూట ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లోనే ఐదారు గంటలు వదిలెయ్యండి. కుళాయికి వేలాడదీసే అలవాటు చలికాలానికి బాగుంటుంది కానీ మేలో వద్దు, దిగేలోపు పులుస్తుంది. లీటరు పెరుగు దాదాపు సగానికి దిగుతుంది. కింద చేరిన తేట పారబోయకండి, చపాతీ పిండి దానితో తడిపితే మెత్తగా వస్తాయి.

ఇక మామిడి. రసాలా, బంగినపల్లా అని మా ఇంట్లో ఏటా గొడవ. బంగినపల్లికి పీచు లేదు, పని తేలిక. కానీ చల్లదనానికి వాసన అణిగిపోతుంది కదా, అప్పుడు కూడా ముక్కుకి తగిలేది నూజివీడు చిన్న రసమే. గుజ్జు పిండి జల్లెడలో వడగట్టి, ఒక గ్లాసు గుజ్జుని అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఐదారు నిమిషాలు కలుపుతూ దగ్గరకి రానివ్వండి. హల్వా చెయ్యనక్కర్లేదు, కాస్త చిక్కబడితే చాలు. పూర్తిగా చల్లారాక, నీళ్లు దించిన పెరుగులో 100 గ్రాముల పంచదార పొడి, చిటికెడు ఉప్పు, ఈ గుజ్జు వేసి నున్నగా గిలకొట్టండి. పంచదార తగ్గిద్దామని చూడకండి. తీపి కోసం మాత్రమే కాదు అది, పంచదార కలిసిన నీళ్లు త్వరగా గడ్డకట్టవు, మెత్తదనం అక్కడే ఉంది. పైగా చల్లటి వస్తువు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది. కలిపినప్పుడు రుచి చూస్తే ‘అబ్బో, ఎక్కువైందే’ అనిపించాలి, గడ్డకట్టాక సరిపోతుంది.

వెడల్పాటి స్టీలు డబ్బాలో పల్చగా పరిచి మూత గట్టిగా పెట్టండి. మూత సరిగ్గా లేక మాది ఒకసారి చేపల వాసన కొట్టింది, ఆ కథ వద్దు. ముప్పావు గంటకోసారి తీసి, అంచుల్లో గట్టిపడినదాన్ని ఫోర్కుతో మధ్యలోకి లాగి కలపండి. అలా మూడుసార్లు. సీరియల్ చూస్తూ మర్చిపోతే మళ్లీ చెంచా వంగుతుంది. తినేముందు పది నిమిషాలు బయట ఉంచమని అందరూ రాస్తారు, బెజవాడలో మే నెలలో ఐదు చాలు.

*ఆంటీ, బెంజ్ సర్కిల్ దగ్గర రూమ్‌లో ముగ్గురం ఉంటాం. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉంది, మిక్సీ లేదు, ఓపిక అంతకంటే లేదు. మాకేమైనా ఉందా?*

ఉంది బాబూ. బాగా పండిన అరటిపండ్లు చక్రాల్లా కోసి, పెద్ద టీ వడపోతలో గంటసేపు దింపిన పెరుగులో ముంచి, పళ్లెంలో పాలిథిన్ కాగితం మీద ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. మూడు గంటల్లో గట్టిపడతాయి, అప్పుడు డబ్బాలో పోసుకోవచ్చు. ముందే కుప్పగా పోస్తే ఒకటే ముద్ద. గింజల్లేని ద్రాక్షకీ ఇదే పద్ధతి. ఫ్రీజర్ మరని ఎక్కువ చల్లదనం వైపు తిప్పి పెట్టండి. అందులో పేరుకున్న మంచుని నెలకోసారైనా కరిగించండి, ముగ్గురిలో ఒకరు.

*కాళేశ్వరరావు మార్కెట్లో మంచి అనాసపండు తెచ్చి పెరుగులో కలిపి పెట్టాను. మర్నాటికి చేదు విషం. పెరుగు కల్తీదేమోనని పాలవాడిని కడిగేశాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.*
– భవానీపురం

పాలవాడికి ఓ కాఫీ ఇవ్వండమ్మా. అనాసపండులో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. పచ్చి ముక్కలు పాలూ పెరుగుతో కలిసి కూర్చుంటే అది తన పని తాను చేసుకుపోతుంది, చేదు దాని వల్లే. ముక్కల్ని పంచదార వేసి ఉడికించి, చల్లార్చి కలిపితే ఆ బాధ ఉండదు. కివీ పండుతోనూ ఇదే పేచీ.

*మేం బ్రాడీపేట వాళ్లం. అన్నీ తీపివేనా? గుంటూరులో కారం లేనిదే చిరుతిండి అనరు.*

అడుగుతారని తెలుసు. మజ్జిగ పుల్లైసు చెయ్యండి. ఇంతసేపూ నీళ్లని తిట్టాను కదా, ఇక్కడ నీళ్లు ఉండాల్సిందే, పుల్లైసు కరకరలాడాలి. రెండు గ్లాసుల పెరుగుకి ఒక గ్లాసు నీళ్లు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు కలిపి మిక్సీ పట్టి వడగట్టండి. వడగట్టకపోతే పుల్లైసులో కరివేపాకు పీచు పంటికి తగులుతుంది. నిమ్మకాయ పిండి, కుల్ఫీ అచ్చుల్లో పోసి, సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చండి. లేదా బంగినపల్లి దోర ముక్కలు గడ్డకట్టించి, తినేటప్పుడు పైన ఉప్పూ కారం. కారం మీ ఊరిదే, కొలత నేను చెప్పను.

*మా మనవరాలికి పది నెలలు, మనవడికి మూడేళ్లు. ఇద్దరికీ గడ్డకట్టిన ద్రాక్ష, తేనె కలిపిన పెరుగు పెట్టొచ్చా?*

వద్దండీ. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించనే కూడదు, పెద్దవాళ్లు ఏం చెప్పినా సరే. గడ్డకట్టిన ద్రాక్ష గుండ్రంగా, జారుడుగా ఉంటుంది, గొంతులో అడ్డం పడితే ఊపిరి ఆడదు. మూడేళ్లవాడికి మామూలు ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చేసి, గింజ తీసి, మీరు పక్కన కూర్చుని పెట్టండి. గడ్డకట్టించినవి ఇద్దరికీ వద్దు. చిన్నదానికి చల్లదనం లేని పెరుగులో మెత్తగా మెదిపిన అరటిపండు చాలు, ఆవిడకి ఐస్‌క్రీమ్ సంగతి ఇంకా తెలియదు.

*మావారికి షుగర్. ‘పెరుగూ, పండేగా, ఏమవుతుంది’ అని డబ్బా ఖాళీ చేస్తున్నారు.*
– సత్యనారాయణపురం

పండులో ఉన్నదీ చక్కెరే, పైన మనం వేసింది ఇంకో 100 గ్రాములు. డబ్బాలో పెట్టడం మానేసి ఐసు ట్రే గళ్లలో పోయండి, లెక్క తెలుస్తుంది. ఎన్ని తినొచ్చో ఆయన డాక్టరుని అడగాలి, నేను చెప్పకూడదు. మా ఇంట్లో ఆయన లెక్క రెండు గళ్లు. మూడోది మనవరాలి పేరు మీద తింటారు, ఆ పిల్ల హైదరాబాద్‌లో ఉంది.

*కరెంటు పోయి మొత్తం కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చా?*
– ఒక పాఠకురాలు, పటమట

వద్దు. చల్లదనానికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే. కరిగి వేడెక్కాక లేస్తాయి. వెచ్చబడిపోతే పారబొయ్యండి. ఇంకా చల్లగానే ఉంటే అప్పటికప్పుడు లస్సీలా తాగెయ్యండి. పోయిన మేలో చుట్టాలొస్తారని రెండు డబ్బాలు చేశాను. సాయంత్రం కరెంటు పోయింది, రెండు గంటలైనా రాలేదు. మూత తీసి చూస్తే జారుగా, చల్లగా ఉంది. గ్లాసుల్లో పోసి డాబా మీదకి తీసుకెళ్లాను. పక్కింటివాళ్లని కూడా పిలిచాం. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం అలాగే ఉండిపోయింది.