దేవునికి గడువు పెట్టవద్దు, తల్లీ

కావలి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు జనవరిలో ఎనిమిది రోజుల మౌన వడకానికి (ఏకాంత ప్రార్థనా దినాలకు) పోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మన ఇంటి పిల్ల ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసి కూడబెట్టుకున్న సెలవులను దేవుని సన్నిధిలో కూర్చోవడానికి వాడుకుంటోందని తెలిస్తే, మీ జేజి బ్రతికి ఉన్నట్లయితే వీధి వీధికీ వెళ్లి చెప్పుకునేది. అయితే ఆ వెంటనే మీ అమ్మ చెప్పిన రెండో మాట నాకు నిద్ర లేకుండా చేసింది. ఫిబ్రవరి 11వ తేదీ గుణదల మాత పండుగ లోపల వీసా వస్తే విదేశానికి పోతాననీ, రాకపోతే సిస్టర్లలో చేరతాననీ, ఏది జరిగితే అదే దైవచిత్తమని సమర్పించుకున్నాననీ అన్నావట. ఆ మాట గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వడకానికి ముందు గురువుల దగ్గర పాపాలు ఒప్పుకుని మంచి పాపసంకీర్తనం చేసుకో. ఫోను ఇంట్లోనే వదిలిపెట్టు. మొదటి రోజు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపో. వడకం నడిపే ఫాదర్ గారి దగ్గర ఏదీ దాచవద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే కాబట్టి వీటి మీద ఎక్కువ చెప్పను.

మీ పెదనాన్న సంగతి మాత్రం నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. 1990 దాటిన తరువాత అల్లూరు వైపు ఉప్పునీటి కాలువల వెంబడి పొలాలన్నీ రొయ్యల గుంటలుగా మారిపోతున్న రోజులవి. ఒక్క పంటతో అప్పులు తీర్చి మిద్దెలు కట్టినవాళ్లను చూసి ఆయనకూ ఆశ పుట్టింది. ఆశపడడం తప్పని నేననను. కుటుంబం బాగుపడాలని కోరుకోవడం పాపమని తిరుసభ (చర్చి) ఏనాడూ చెప్పలేదు. ఆయన భక్తిగా నవదిన జపాలు చేశారు, ఉపవాసం ఉన్నారు. రొయ్యల గుంట వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి, తొమ్మిదో రాత్రి మరియమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, పాత క్యాలెండరు కాగితం చింపి, ఒక ముక్క మీద ‘వేయి’ అనీ, ఇంకొక ముక్క మీద ‘వద్దు’ అనీ రాసి, ఉండలు చుట్టి ఇత్తడి గిన్నెలో వేసి కలిపి, పదో తరగతి చదువుతున్న మీ నాన్న చేత ఒకటి తీయించారు. ‘వద్దు’ అని వచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఒక్కసారి తీసింది లెక్కలోకి రాదనీ, పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట మూడుసార్లు తీయాలనీ అన్నారు. మిగిలిన రెండుసార్లూ ‘వేయి’ అనే వచ్చింది. ఆయన కన్నీళ్లు పెట్టుకుని స్తోత్రగీతం ఎత్తుకున్నారు, ఇంటిల్లిపాదీ గొంతు కలిపాము.

1994లో తెల్లమచ్చల వైరస్ వచ్చి కోస్తాలో గుంటలను తుడిచిపెట్టింది. నేను ఉదయాన్నే అన్నం క్యారియరు తీసుకుని వెళ్లేసరికి, అడుగున తిరగవలసిన రొయ్యలు గట్టు వారకు వచ్చి నీరసంగా తేలుతున్నాయి. మీ పెదనాన్న ఒకదాన్ని తీసి తలపెంకు ఒలిచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూపించారు. పెంకు నిండా తెల్లని చుక్కలు. ఆయన ఆ పెంకును పారేయకుండా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు. వారం తిరిగేసరికి గుంటలో నీళ్లు తప్ప ఏమీ మిగలలేదు. లీజుకూ, సీడుకూ, మేతకూ పెట్టినదంతా అప్పు తెచ్చిన డబ్బే.

ఆ అప్పు నా నగలతోనూ, మాకున్న మాగాణితోనూ తీరిపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. దేవుడే వేయమని చెప్పి, దేవుడే ముంచాడని ఆయన మనసులో పడిపోయింది. ఆదివారం గుడి గంట వినబడితే తువ్వాలు భుజాన వేసుకుని ఎదురు దిక్కుకు నడిచిపోయేవారు. నేను ఎంత బతిమాలినా, ‘అడిగి మరీ మోసపోయాను, ఇంకేం అడగను’ అనేవారు. సంవత్సరాల తరబడి అలాగే గడిచింది. చివరి జబ్బులో మా విచారణ (చర్చి) గురువులు రోగులకు నూనె పూసి ప్రార్థించే అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘ఆ చీటీల్లో దేవుడు లేడా ఫాదర్?’ అని. గురువులు ‘లేడయ్యా’ అని మాత్రం చెప్పి, దగ్గర కూర్చుని ఆయన పాపసంకీర్తనం విన్నారు. ఆ రోజు ఆయన దివ్యసత్ప్రసాదం తీసుకున్నారు. మీ నాన్న ఈనాటికీ ఆ రాత్రి ఊసెత్తడు, నీవు కూడా అడగవద్దు.

నీ వీసా షరతుకూ ఆ చీటీలకూ నాకు తేడా కనబడడం లేదమ్మా. ఏదో ఒక కార్యాలయంలో నీ కాగితం రెండు వారాలు ఆలస్యమైతే, అది నీవు కన్యస్త్రీవి కావాలన్న పిలుపు ఎలా అవుతుంది? వీసా రాలేదు కాబట్టి వచ్చానని చెబితే మఠంలో పెద్ద సిస్టరు గారు నిన్ను ఏమని చేర్చుకుంటారు? నీవు ఎంచుకోవడానికి భయపడి, ఆ భయానికి సమర్పణ అని పేరు పెట్టుకుంటున్నావేమోనని నాకు అనుమానం. కఠినంగా అంటున్నానని బాధపడకు. నిన్ను చిన్నప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకుని శిలువ గుర్తు నేర్పినదానిగా అంటున్నాను.

నీవు చేయబోయే వడకానికి దారి వేసిన పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు కూడా మొదట్లో ఇలాంటి పనే చేశారు. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచంలో పడి మనసు మార్చుకున్న తరువాత, మోన్సెరాత్ పుణ్యక్షేత్రానికి పోతుండగా దారిలో ఒక ముస్లిం బాటసారి దేవమాత కన్యత్వాన్ని గురించి తక్కువ చేసి మాట్లాడి ముందుకు సాగిపోయాడు. వెంటపడి పొడవాలా, వదిలేయాలా అన్నది తేల్చుకోలేక, దారి చీలిన చోట ఆయన తన కంచరగాడిద కళ్లెం వదిలేశారు. అది ఆ బాటసారి పోయిన ఊరి దారి పట్టక రాజమార్గాన పోయింది కాబట్టి ఒక ప్రాణం దక్కింది. అదే మనిషి తరువాత మన్రేసా అనే ఊరిలో నెలల తరబడి ప్రార్థనలో కూర్చుని నేర్చుకున్న పద్ధతిలో ఎక్కడా కళ్లెం వదిలేయమని లేదు. ముందు, ధనమైనా పేదరికమైనా, దీర్ఘాయువైనా అల్పాయువైనా నా మనసు దేనికీ అతుక్కోకుండా చేయమని దేవుణ్ణి వేడుకోవాలి. ఆ తరువాత దేవుడిచ్చిన బుద్ధితోనే రెండు దారుల లాభనష్టాలూ ఆయన ముందు పెట్టి చూసుకోవాలి. ముక్కూమొహం తెలియని మనిషి ఇదే చిక్కుతో వస్తే నీవు ఏ సలహా ఇస్తావో, మరణశయ్య మీద ఉన్నప్పుడు ఏ దారి పట్టి ఉంటే బాగుండుననుకుంటావో ఆలోచించుకోవాలి. నిర్ణయించుకున్న తరువాత దాన్ని మళ్లీ ప్రార్థనలో ఆయనకు సమర్పించి, ఆయన స్వీకరించి స్థిరపరచాలని అడగాలి.

నీ కోరిక ఏమిటో దేవునికి దాపరికం లేకుండా చెప్పు. గెత్సెమని తోటలో యేసుప్రభువే ముందు ఆ శ్రమల పాత్రను తొలగించమని అడిగాడు, ఆ తరువాతే తండ్రి చిత్తానికి తల వంచాడు. ఆ ప్రార్థనను ఆయన మూడుసార్లు చేశాడని మత్తయి సువార్తలో ఉంది. మరియమాత కూడా ‘ఇదెట్లు జరుగును’ అని గాబ్రియేలు దూతను అడిగిన తరువాతే నీ మాట చొప్పున జరుగును గాక అన్నది. కాబట్టి లండనో, జర్మనీయో, ఎక్కడికి పోవాలని ఉందో, ఎందుకు పోవాలని ఉందో, మఠం అంటే నీకు ఏది ఇష్టమో, ఏది భయమో, అన్నీ చెప్పుకో. ఏడుపు వస్తే ఏడువు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది నీ వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు. మీ నాన్న అప్పు చేసి కట్టాడు కాబట్టి తప్పక పోవాలన్న బరువు నీ ప్రార్థనలో దేవుని స్వరంలాగా వినబడవచ్చు. అప్పు ఉన్న ఇంట్లో అది ఎంత గట్టిగా మాట్లాడుతుందో నాకు తెలుసు. ఫాదర్ గారికి మొదటి రోజే ఈ సంగతి చెప్పు. ఆ డబ్బు ఏం చేయాలన్నది నేనూ మీ నాన్నా కూర్చుని చూసుకుంటాము.

వడకం మధ్యలో ఒక రోజు మనసు ఎండిపోతుంది, జపం నోట్లోనే నిలిచిపోతుంది, ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. అలాంటి దినాన పాత నిర్ణయాన్ని మార్చవద్దని ఇగ్నేషియస్ వారు గట్టిగా చెప్పారు. నీవూ ఆ రోజు ఏదీ తేల్చుకోవద్దు, ప్రార్థన సమయాన్ని ఇంకొంచెం పెంచు. ఫ్రాన్సు దేశపు గురువు పునీత చార్లెస్ ద ఫుకో వారు, తండ్రీ, నన్ను నేను మీ చేతులకు అప్పగించుకుంటున్నాను, నన్ను మీ ఇష్టప్రకారం చేయండి అని ప్రార్థించినవారు. తనతో కలిసి జీవించే సహోదరుల కోసం ఎంతో ఎదురుచూసి, సహారా ఎడారిలో ఒంటరిగానే 1916లో హత్యకు గురయ్యారు. 2022లో తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆయన బ్రతికుండగా ఫలితం అన్నది కంటికి కనబడలేదు. నీకూ ఎనిమిదో రోజు సాయంత్రానికి ఏమీ తేలకపోతే అది ఓటమి అనుకోవద్దు.

వడకం అయిన తరువాత కూడా రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజును ప్రభువు ముందు నెమరు వేసుకో. వార్డులో మందుల ట్రే పట్టుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడిచే నాలుగు అడుగుల్లో పరలోక జపంలోని ‘మీ చిత్తము నెరవేరును గాక’ అన్న ఒక్క మాట చాలు. ఆ మంచం మీది రోగికి అప్పుడు చేయవలసిన సేవ ఎటూ దైవచిత్తమే, దానికి వీసా అక్కరలేదు.

గుణదల పండుగకు తప్పకుండా పోదాము, నేనూ వస్తాను, కానీ గడువు తీసేసి పోదాము. నీవు వడకం నుంచి వచ్చిన తరువాత ఒక వారం పాటు ఇంట్లో ఎవరూ నిన్ను ఏమీ అడగకూడదని మీ అమ్మకు చెప్పాను, ఒప్పుకుంది. ఏ రోజు బయలుదేరుతున్నావో నాకు ముందుగా తెలియజేస్తే, ఆ ఎనిమిది రోజులూ ఉదయం పూజలో నీ కోసం ప్రార్థించమని మా ఫాదర్ గారిని అడుగుతాను.

నీ పెద్దమ్మ