ముహూర్తాలు అయ్యాక చూద్దామనుకోకు

ఒరేయ్ శీనూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సెకండ్ హ్యాండ్ డిజైర్ కొన్నావట, పసుపు ప్లేటు బండి. ఆరేళ్లు ఇంకొకళ్ల బండి తోలినవాడివి, ఓనరయ్యావంటే నాకు కడుపు నిండిపోయింది. మీ అత్త అప్పటికప్పుడు పరమాన్నం పొయ్యి మీద పెట్టింది. అది దించకముందే మీ అమ్మ రెండో మాట చెప్పింది. వచ్చే నెల తొమ్మిదితో బండి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అయిపోతుందట, "సీజన్ కదా, ముహూర్తాలు అయ్యాక చేయిస్తా" అన్నావట. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బండి, ఇన్సూరెన్సు నీ పేరు మీదకి మార్పించు. టైర్లు, లైట్లు, వైపర్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు సరిచూసుకునే ఎఫ్‌సీ పరీక్షకి వెళ్లు.

తెలియనిది ఒకటుంది. నువ్వప్పుడు ఆరో క్లాసు. మాఘమాసం, నా సుమోకి రోజూ పెళ్లి కిరాయిలే. ఎఫ్‌సీ అయిపోయి 13 రోజులైంది. చేయిస్తే బండి రెండు రోజులు ఆగుతుంది, రెండు కిరాయిలు పోతాయి. అచ్చం నీలాగే లెక్కేశాను, వెధవా.

ఆ రాత్రి అన్నవరంలో పెళ్లివాళ్లని దించి ఖాళీగా రాజమండ్రి వస్తున్నాను. జగ్గంపేట దాటాక రాంగ్ రూట్లో, లైటు లేని మోపెడ్ మీద ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. బ్రేకు తొక్కాను. బంపరు ఆయన మోకాలికి తగిలింది. కాలు రెండుచోట్ల విరిగింది.

మర్నాడు పోలీస్ స్టేషన్ దగ్గర రవాణా శాఖ బ్రేకు ఇన్‌స్పెక్టర్ బండి తోలి చూశాడు. బండిలో మెకానికల్ లోపం వల్ల ప్రమాదం జరగలేదని రిపోర్టు రాశాడు. హమ్మయ్య అనుకున్నాను. అదే కాగితంలో ఇంకో గడిలో ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉందో కూడా రాశాడు. తర్వాత నాలుగేళ్లు కేసంతా ఆ గడి చుట్టూనే తిరిగింది. ఎఫ్‌సీ లేని ట్యాక్సీ అంటే చట్టం లెక్కలో రిజిస్ట్రేషన్ లేని బండేనట. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను. ఆ ముక్క ఇన్సూరెన్సు లాయరు కోర్టులో చదివితే తప్ప నాకు తెలీదు.

ఆ కారణం చూపి ఇన్సూరెన్సు కంపెనీ సుమో రిపేరు డబ్బులు ఇవ్వలేదు. పెద్దాయనకి ముందు కంపెనీ కట్టాలి, తర్వాత నా దగ్గర వసూలు చేసుకోవాలి అని తీర్పు. వడ్డీ కాక 2,10,000. ఆయనకి ఆ డబ్బు అందాల్సిందే, అందులో నాకేం బాధ లేదు. సుమో అమ్మాను, చాలలేదు. మీ అత్త గాజులు అన్నేళ్లుగా చేతికి పట్టేసి రాకపోతే, సబ్బు రాసుకుని తీసింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మా రోజుల్లో కొత్త బండికి మొదటి రెండేళ్లు పోగా ఏటా ఎఫ్‌సీ ఉండేది. 2018 నుంచి ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి చేశారు, ఆపైన మళ్లీ ఏటా. నీది 2019 మోడల్, ఎనిమిదేళ్లకి దగ్గరపడింది. పాత ఓనరు చెప్పిన లెక్క నమ్ముకోకు. గడువు దాటితే రోజుకి 50 రూపాయలు ఆలస్య రుసుం. నెలకి 1,500, ఒక్క కిరాయిలో లాగేస్తానంటావు. పట్టుకుంటే మొదటిసారి 5,000 దాకా ఫైను. అదీ కట్టేస్తావు. నా భయం వాటికి కాదురా. రాత్రి పదింటికి నీ ఫోన్ స్విచాఫ్ వస్తే నాకు జగ్గంపేటే గుర్తొస్తుంది. మీ అమ్మ చేతికి ఉన్నవి కూడా రెండే గాజులు.

ఆదివారం మీ అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రా. కాగితాలన్నీ తీసుకురా. ఎఫ్‌సీ తేదీ సన్ వైజర్ మీద స్కెచ్ పెన్నుతో నేనే రాస్తాను, నా కోడిగీతలు చూసి నవ్వకు. సోమవారం స్లాటు బుక్ చేద్దాం. ఆ రెండు రోజుల కిరాయి ఎంత పోతుందో చెప్పు, నేనిస్తాను. పరమాన్నం మళ్లీ వండమన్నాను.

మీ మామయ్య