మహిళా వార్డర్‌గా చేరబోతున్న మేనకోడలికి

రాజమహేంద్రవరం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

జైళ్ల శాఖలో మహిళా వార్డర్ ఉద్యోగానికి నీవు ఎంపికయ్యావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నీకు వివరంగా రాయాలని అనుకుంటున్నాను. అదే శాఖలో వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా పదవీ విరమణ చేసినదాన్ని కనుక, శిక్షణలో వాళ్లే నేర్పే డ్రిల్లు, ఆయుధాలు, సెక్షన్ల జోలికి ఎక్కువగా పోకుండా, గేటు దాటి లోపలికి వెళ్లాక రోజూ ఎదురయ్యే సంగతులనే రాస్తున్నాను.

మన ఊళ్లో చాలామంది ఇది పోలీసు ఉద్యోగమే అనుకుంటారు. పోలీసులు మనిషిని అరెస్టు చేస్తారు, కోర్టు తీర్పు చెబుతుంది, ఆ తరువాత నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆ మనిషితో ఒకే ప్రహరీ లోపల గడిపేది వార్డర్. కోర్టు వేసిన శిక్షకు మన వైపు నుంచి ఒక్క రవ్వ కలపకూడదు, అందులోంచి ఒక్క రవ్వ తీసివేయకూడదు. ఉద్యోగం మొత్తం ఈ రెంటి మధ్యనే ఉంటుందని నా అభిప్రాయం. పైగా నీ కాపలాలో ఉండేవారిలో ఎక్కువ మందికి ఇంకా శిక్షే పడి ఉండదు. 2022 సంవత్సరపు జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీలలో 100కి 75 మందికి పైగా విచారణలో ఉన్న రిమాండు ఖైదీలే. వారిలో రేపు నిర్దోషులుగా బయటపడేవారు కూడా ఉంటారు. నీ ఎదుట నిలబడిన స్త్రీ చేసిన నేరమేమిటో వారెంటులో చదివి తెలుసుకో, కానీ ఆమెతో మాట్లాడేటప్పుడు ఆ కాగితాన్ని మనసులోకి రానివ్వకు.

కొత్తగా చేరినవారు భయం వల్ల గొంతు పెంచుతారు. నీకు ఆ అవసరం రాదు, ఎందుకంటే లోపలివారు మొదటి వారంలోనే నిన్ను చదివేస్తారు. నీవు చెప్పిన మాట చేస్తావా, నిన్న కాదన్నది ఇవాళ ఔనంటావా, డబ్బున్న ఖైదీకీ చుట్టం చూపు కూడా లేని ఖైదీకీ ఒకే జవాబు ఇస్తావా అన్నవే వారు గమనించేవి. చేయగలిగిన దానికే మాట ఇవ్వు. "కనుక్కుని సాయంత్రం చెబుతాను" అన్నావంటే, జవాబు లేదనే అయినా సరే, సాయంత్రం వెళ్లి చెప్పు. మాట మీద నిలబడే వార్డర్ ఉన్న బ్యారక్‌లో గొడవలు తక్కువగా ఉండడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

లెక్క విషయంలో మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగవద్దు. ఉదయం లాకప్ తెరిచినప్పుడు, సాయంత్రం మూసినప్పుడు, డ్యూటీ మారినప్పుడు మనుషులను కళ్లతో చూసి లెక్కపెట్టాలి. దిగిపోయే ఆమె ఎంత సీనియర్ అయినా, ఎంత ఆప్తురాలైనా, ఆమె చెప్పిన అంకె మీద సంతకం పెట్టకూడదు. రాత్రి లెక్కలో దుప్పటి కనబడితే చాలదు, దాని కింద మనిషి కదలికో ఊపిరో కనబడాలి. తాళం వేశాక చేత్తో లాగి చూడాలి, కటకటాలను రోజూ కర్రతో తట్టి శబ్దంలో తేడా ఉందేమో వినాలి, తాళాల గుత్తిని ఒక్క క్షణం కూడా ఖైదీ చేతికి ఇవ్వరాదు. రౌండ్లకు ఒకే సమయం అలవాటు చేసుకోకు. గంటకోసారి వెళ్లాలంటే ఒకసారి ముందుగా, ఒకసారి కాస్త ఆలస్యంగా వెళ్లు. ఇవి విసుగు పుట్టించే పనులు. విసుగు పుట్టిన రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి.

తనిఖీ గురించి నీకు సంకోచం ఉంటుందని ఊహించగలను. ఆడ ఖైదీని ఆడవారే తనిఖీ చేయాలి, అదీ ఇతరుల కంట పడని చోట, వీలైతే మరొక మహిళా ఉద్యోగి సమక్షంలో. ఏం చేయబోతున్నావో ముందుగా చెప్పి, త్వరగా ముగించి, దొరికినదీ దొరకనిదీ వెంటనే రిజిస్టరులో రాయి. ఒంటి మీది మంగళసూత్రం, మెట్టెలు, డబ్బు వంటివి నిబంధన ప్రకారం తీసుకోవలసి వస్తే, ఆమె ఎదుటే లెక్క రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకో. ఆ వస్తువులు విడుదల రోజున అలాగే తిరిగి రావాలి. ఇంకొక మాట. మగ అధికారి ఎంత పెద్ద హోదాలో ఉన్నవాడైనా, మహిళల విభాగంలోకి మహిళా ఉద్యోగి తోడు లేకుండా రాకూడదు. ఎవరైనా ఆ నియమాన్ని పక్కన పెట్టబోతే మర్యాదగా గుర్తు చేసి, సమయంతో సహా రాసిపెట్టుకో.

కొత్తగా వచ్చినవారి మొదటి రోజులు అన్నింటికన్నా ప్రమాదకరమైనవి. అరెస్టు అయిన అవమానం, ఇంట్లో వదిలివచ్చిన పిల్లలు, ఎవరూ ములాఖత్‌కు రాకపోవడం, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. బెయిలు కొట్టేసిన రోజు, శిక్ష ఖరారైన రోజు, భర్త వదిలేశాడనో తల్లి పోయిందనో కబురు వచ్చిన రోజు కూడా అలాంటివే. తిండి మానేసిన మనిషిని, తన సబ్బులు చీరలు పక్కవారికి పంచేస్తున్న మనిషిని, నిన్నటిదాకా ఏడ్చి ఇవాళ ఒక్కసారిగా ప్రశాంతమైపోయిన మనిషిని చూస్తే, జైలు వైద్యాధికారికీ పై అధికారికీ అప్పుడే లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆమెను ఒంటరిగా ఉంచకుండా చూడు.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారిలో ఇంకొక సంగతి కూడా గమనించాలి. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడిన ఆడవారు అక్కడ తక్కువేమీ కాదు. 2015లో ఆ కల్లు మీద దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు, వణుకుతో, పిచ్చిచూపులతో జనం గుంపులుగా హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరారు. జైలుకు వచ్చిన మనిషికి కూడా కల్లు అలాగే హఠాత్తుగా ఆగిపోతుంది. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేనిది కనబడుతున్నట్లు మాట్లాడడం, ఫిట్స్ రావడం చూసి నాటకమనో పొగరనో అనుకోకూడదు. అది వైద్యం అవసరమైన స్థితి, ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.

కస్టడీలో ఎవరైనా మరణిస్తే 24 గంటల లోపు జాతీయ మానవ హక్కుల సంఘానికి తెలియజేయాలన్న ఆదేశం 1993 నుంచీ ఉంది, మేజిస్ట్రేటు విచారణ తప్పదు. అప్పుడు అడిగేది, ఎన్ని గంటలకు చూశావు, ఎవరికి చెప్పావు, ఎక్కడ రాశావు అనే. అందుకే ముందు సమయం, తరువాత చూసినది, తరువాత చెప్పిన వ్యక్తి హోదా, ఈ వరుసలో రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో. జరిగిన తరువాత వెనక తేదీ వేసి రాయమని ఎవరడిగినా రాయవద్దు.

మహిళా జైలులో మనసును ఎక్కువగా కలచేది తల్లుల వెంట ఉండే పిల్లలు. ఆరేళ్ల వయసు వరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను తప్పక చదువు. ఆ పిల్లలను ఖైదీలుగా చూడకూడదని, వారికి తగిన ఆహారం, వైద్యం, శిశు సంరక్షణ, చదువు అందాలని, జైలులో ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన స్థలంగా జైలును రాయకూడదని అందులో ఉంది. పిల్లల ఎదుట తల్లిని మందలించకు. తల్లి మీది కోపంతో బిడ్డ పాలు ఆలస్యం చేసే సిబ్బందిని చూస్తే ఉపేక్షించకు. ఇల్లు ఎలా ఉంటుందో, కుక్క ఎలా మొరుగుతుందో తెలియకుండా పెరిగే ఆ పసివాళ్లతో రోజూ నాలుగు మాటలు మాట్లాడడానికి ఏ నియమమూ అడ్డు రాదు.

ఇక శిక్షను కలపడం గురించి. జైలు నియమాన్ని ఉల్లంఘించిన ఖైదీని విచారించి శిక్షించే అధికారం 1894 నాటి జైళ్ల చట్టం సూపరింటెండెంట్‌కు ఇచ్చింది, వార్డర్‌కు ఇవ్వలేదు. నీవు చేయవలసింది ఆపడం, విడదీయడం, రిపోర్టు రాయడం. చెయ్యి చేసుకోవడం, తిండి ఆపడం, ములాఖత్ సమయం కోసివేయడం, అందరి ముందు కులం పేరుతోనో కేసు పేరుతోనో పిలవడం, ఇవన్నీ కోర్టు వేయని శిక్షలు. మన విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన వ్యాజ్యంలోనే 1974లో సుప్రీంకోర్టు, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని చెప్పింది. తీహార్ జైలులో తోటి ఖైదీని హింసించారని సునీల్ బత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించి, 1979 చివరలో ఇచ్చిన తీర్పులో వార్డర్ల ప్రవర్తన మీద అదే కోర్టు కఠినంగా మాట్లాడింది. ఆ రెండు తీర్పుల తెలుగు సారాంశమైనా నీ దగ్గర ఉండాలి.

పని పంచేటప్పుడు కులం చూడడం పాత జైలు మాన్యువళ్లలో చాలా చోట్ల రాసి ఉండేది. వంట ఒక కులానికి, ఊడ్చడం, మరుగుదొడ్లు కడగడం మరొక కులానికి అన్న ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి కూడా తీసివేయమంది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి చంద్రచూడ్, 1974 నాటి విశాఖ తీర్పు రాసిన చంద్రచూడ్ గారి కుమారుడే కావడం నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. తీర్పు వచ్చినంత మాత్రాన అలవాటు పోదు. "ఆమె చేతి వంట మేము తినము" అని బ్యారక్‌లో నలుగురు గొంతు కలిపితే, గొడవ ఎందుకని వంతు మార్చేయాలనిపిస్తుంది. మార్చవద్దు. వంతు జాబితా గోడకు అంటించి, దాని ప్రకారమే నడిపించు.

శిక్షను తగ్గించడం దీనికి రెండో వైపు. అది లంచంతో మొదలవుతుందని అందరూ అనుకుంటారు, కానీ చాలాసార్లు జాలితో మొదలవుతుంది. "మా అమ్మాయికి జ్వరమట, ఒక్కసారి మీ ఫోనులో మాట్లాడనివ్వండి మేడమ్" అని అడిగినప్పుడు ఇస్తే, మరునాడు ఆ సంగతి బయటపెడతానన్న బెదిరింపుతో రెండో కోరిక వస్తుంది, అది ఫోను కన్నా పెద్దదై ఉంటుంది. నిజంగా బిడ్డకు జ్వరమైతే అధికారికి చెప్పి జైలు ఫోను నుంచే మాట్లాడించు. దారి ఉంది, అది రిజిస్టరులో నమోదయ్యే దారి. నిషిద్ధ వస్తువులు చేరవేస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష అని పైన చెప్పిన 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఖైదీల చేతి నుంచి తినుబండారాలు పుచ్చుకోవద్దు. 1986లో ఛార్లెస్ శోభరాజ్ అనే పేరుమోసిన హంతకుడు తీహార్ జైలు నుంచి తప్పించుకున్నది, పుట్టినరోజు పేరుతో కాపలావారికి మత్తుమందు కలిపిన తినుబండారాలు పంచిపెట్టే. నీ ఇంటి చిరునామా, జీతం, పెళ్లి సంబంధాలు లోపల ఎవరికీ తెలియనవసరం లేదు, తోటి ఉద్యోగులతో వాటిని బ్యారక్ దగ్గర మాట్లాడుకోవద్దు.

నీవు నిర్భయంగా చేయగల మేలు ఒకటి ఉంది. బెయిలు వచ్చినా జామీను నిలబడేవారు దొరకక, దొరికినా పూచీకత్తు డబ్బు లేక, అసలు బెయిలు అడగవచ్చని తెలియక ఉండిపోయిన ఆడవారు ప్రతి జైలులో ఉంటారు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఉన్న రిమాండు ఖైదీ ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం, ఇతరులు సాధారణంగా సగం కాలం పూర్తి చేస్తే విడుదలకు అర్హులవుతారు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకూ, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికీ ఇది వర్తించదు. గడువు పూర్తయిన వెంటనే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. నీ బ్యారక్‌లో ఎవరెవరు ఎప్పటి నుంచి ఉన్నారో నీకు తెలుసు కనుక, గడువు దగ్గర పడినవారి పేర్లు రాసి పై అధికారికి ఇవ్వు. పేద ఖైదీలకు బెయిలు పూచీకత్తు కోసం, జరిమానా కోసం డబ్బు ఇచ్చే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి వచ్చే పారాలీగల్ వాలంటీర్లకు, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తలకు, ఇలాంటివారిని చూపించు. బయట ఉన్న బంధువులకు ఉచిత న్యాయ సహాయం కోసం ఉన్న 15100 ఫోను నంబరు చెప్పు.

నీ గురించి కూడా నీవు చూసుకోవాలి. రాత్రి డ్యూటీ దిగిన పగలు ఇంటి పనులన్నీ నెత్తిన వేసుకోవద్దు, కనీసం ఆరు గంటలు పడుకో. యూనిఫాం విప్పిన తరువాత కూడా గొంతులో ఆజ్ఞలు మిగిలిపోతున్నాయని ఇంట్లోవారు చెబితే కోపగించుకోక విను. లోపల చూసినదంతా ఇంట్లో చెప్పలేము, చెప్పకూడదు కూడా. అందుకే శాఖలోనే నమ్మకమైన పెద్ద ఉద్యోగినిని ఒకరిని చూసుకుని, మనసు భారమైనప్పుడు ఆమెతో మాట్లాడు. నాకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

శిక్షణకు బయలుదేరే లోపు ఒక ఆదివారం ఇక్కడికి రా. 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైళ్ల నియమావళి ప్రతి నా దగ్గర ఉంది, పక్కన నేను రాసుకున్న గమనికలతో సహా నీకు ఇస్తాను. ఆ తరువాత వచ్చిన సవరణలు శిక్షణ కేంద్రంలో అడిగి నీ చేత్తోనే అందులో చేర్చుకోవాలి. నల్ల బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో, నిలబడి నిలబడి పాదాలు వాస్తాయి. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య