డయాలసిస్ టెక్నాలజీనా, హెల్త్ డేటా కోర్సా?

ప్రశ్న: మాది పుత్తూరు. పాప ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. వాళ్ల నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. పాప డయాలసిస్ టెక్నాలజీ చదువుతానంటోంది. బంధువులేమో హెల్త్ డేటా అనలిటిక్స్, ఏఐ అంటున్నారు. ఆయనకు యూరిక్ యాసిడ్ ఎక్కువొచ్చిందని పప్పు, గుడ్డు మానిపించాను. తక్కువుంటేనే ప్రమాదమని ఏదో అధ్యయనం చదివి పాప నాతో వాదిస్తోంది. ఈ చదువుతో రేపు పెళ్లి సంబంధాలు వస్తాయో లేదోనని కూడా దిగులు. దేంట్లో చేర్చాలి?

జవాబు: అమ్మా, మీ బెంగ కోర్సు గురించి కాదనిపిస్తోంది. ఇంట్లో జబ్బు చాలదన్నట్టు బిడ్డ బతుకంతా ఆ మిషన్ల మధ్యే గడుస్తుందేమోనని మీ భయం. డయాలసిస్ పేషెంటు ఉన్న ఇళ్ల నుంచి వచ్చే తల్లులు చాలామంది ఇదే అడుగుతారు.

ముందు మీ వాదన తేలుద్దాం. మామూలు మనుషుల్లో యూరిక్ యాసిడ్ పెరిగితే గౌట్ (కీళ్లు వాచి నొప్పి పెట్టే జబ్బు) రావచ్చు, గుండె జబ్బులతోనూ దానికి సంబంధం కనిపించింది. హీమోడయాలసిస్ (మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకునే) పేషెంట్లలో మాత్రం చాలా అధ్యయనాల్లో లెక్క తిరగబడింది. ఆరు దేశాల్లో 5,827 మందిని గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. అన్ని అధ్యయనాలూ ఇదే చెప్పలేదు. మరీ ఎక్కువైనా ప్రమాదమేనని తేల్చినవీ ఉన్నాయి.

ఎందుకిలా? ఆకలి చచ్చి, తిండి తగ్గి, కండ కరిగిన మనిషికి యూరిక్ యాసిడ్ తగ్గుతుంది, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్, కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ కూడా తగ్గుతాయి. తక్కువ అంకె ఆ నీరసానికి గుర్తు కావచ్చు. అంతమాత్రాన అంకె పెంచితే ఆయుష్షు పెరుగుతుందని కాదు. కాబట్టి పాప చెప్పింది సగం నిజం. మీరు చేసింది మాత్రం తప్పమ్మా, గట్టిగానే చెబుతున్నా. గుడ్డులో యూరిక్ యాసిడ్‌ను పెంచే ప్యూరిన్లు చాలా తక్కువ. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని మార్గదర్శకాలు చెబుతాయి. రిపోర్టులో ఒక అంకె చూసి కంచంలోంచి తిండి తీసేసే ముందు డాక్టర్ని అడగాలనిపించలేదా? పప్పు విషయంలో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా చూడాలి. ఈ వారమే రిపోర్టులన్నీ పట్టుకెళ్లి నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు), డైటీషియన్‌కు చూపించండి.

బంధువులు చెప్పే కోర్సు మీద నా అనుమానమూ ఇక్కడే మొదలవుతుంది. పేషెంటును ఎప్పుడూ చూడని కుర్రాడి ముందు ఈ అంకెలు పెడితే ‘యూరిక్ యాసిడ్ పెరిగితే మేలు’ అని గ్రాఫ్ గీసిస్తాడు. ఈయన పూట తిండి తిన్నాడా, రక్తం డయాలసిస్‌కు ముందు తీశారా తర్వాత తీశారా అని అడగాలని అతనికి తోచదు. డేటా పని మంచిదే. కానీ ఇంటర్ అవగానే ‘హెల్త్‌కేర్ ఏఐ’ అని పేరు పెట్టి లక్షల్లో ఫీజు అడిగే కాలేజీల్లో కొన్నింటికి ఆసుపత్రితో ఒప్పందమే లేదు. గణితంలో, స్టాటిస్టిక్స్‌లో లోతూ ఉండదు. పేరు చూసి చేర్చొద్దు.

డయాలసిస్ టెక్నాలజీలో కష్టం దాచను. తెల్లవారుజామున షిఫ్టులుంటాయి, ఫిస్టులాకు (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి చేతిలో కలిపిన రక్తనాళానికి) సూది వేయాలి, మధ్యలో బీపీ పడిపోతే చేయి వణక్కూడదు. మొదట్లో జీతం తక్కువే. పని మాత్రం దొరుకుతుంది. 2016లో కేంద్రం డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టాక జిల్లా ఆసుపత్రుల్లోనూ సెంటర్లు వచ్చాయి. 2021 చట్టంతో ఇలాంటి పారామెడికల్ వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పడింది.

పాప నాన్న మీద ప్రేమతోనే ఇటు మొగ్గి ఉండొచ్చు, అది తప్పేం కాదు. కానీ అధ్యయనం చదివి అమ్మతో వాదించే పిల్లకు ఆసక్తి కూడా ఉంది. ఈ డిగ్రీ చేసి, పని చేస్తూ స్టాటిస్టిక్స్ నేర్చుకుంటే డేటా వైపు వెళ్లే దారి మూసుకుపోదు. పెళ్లి సంబంధాల టెన్షన్ ఇప్పుడే ఎందుకు? చేతిలో ఉద్యోగముంటే సంబంధాలు వస్తాయి.

తిరుపతిలోని స్విమ్స్ వైద్య విశ్వవిద్యాలయంలో పారామెడికల్ డిగ్రీలు ఉన్నాయి, ముందు అక్కడ విచారించండి. ప్రైవేటు కాలేజీ అయితే గుర్తింపు కాగితం అడగండి. సొంత డయాలసిస్ యూనిట్ ఉందా, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారు, స్టైపెండ్ ఇస్తారా అన్నది అడ్వాన్స్ కట్టకముందే రాయించుకోండి.