గోడ వెనక నిలిచిన నీరు

ప్రశ్న: కొండవాలులో మా ఇల్లు. వెనక మట్టిని జేసీబీతో 3 మీటర్ల ఎత్తున నిలువుగా చెక్కించి, సిమెంటుతో రాతిగోడ కట్టించాం. రెండో వానాకాలానికే గోడ నడుమ ఉబ్బి, అడ్డంగా బీట వచ్చింది. మేస్త్రి వానదే తప్పంటున్నాడు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ కొండ మీద వాన ఎప్పటినుంచో పడుతోంది. కొత్తగా వచ్చినవి మీ కోత, మీ గోడ. వాలు అడుగునున్న మట్టే పై మట్టికి ఆనుడు. దాన్ని తీసేశాక ఆ భారమంతా గోడదే. విశాఖ చుట్టుపక్కల కొండలు చాలావరకు ఖొండలైట్ రాయివి. అది శిథిలమైతే ఎర్రమట్టి, సుద్దలాంటి జిగటమట్టి అవుతుంది. ఎండాకాలంలో గడ్డపార కూడా దిగదు కాబట్టి నిలువుగా చెక్కినా ఆగుతుందనిపిస్తుంది. నానిందా, ఆ పట్టు సడలిపోతుంది.

లెక్క చూడండి. 3 మీటర్ల గోడను పొడిమట్టి మీటరు పొడవుకు రెండున్నర, మూడు టన్నుల బలంతో తోస్తుంది. అదే మట్టిలో పైదాకా నీరు నిలిస్తే తోపుడు ఆరు టన్నులకు దగ్గరవుతుంది. అందులో నాలుగున్నర టన్నులు ఒట్టి నీటిదే. నీటికి దారి లేని గోడ ఆనకట్ట కిందే లెక్క. మేస్త్రి మాత్రం ప్రహరీ కట్టినట్టు కట్టి ఉంటాడు.

తూములు పెట్టించామంటారేమో. పైపు ముక్కలు గుచ్చి వెనక నేరుగా మట్టి పోస్తే, ఒకటి రెండు వానలకే అవి పూడిపోతాయి. జోరువానలో కూడా తూము పొడిగా ఉంటే సంతోషించకండి, పుల్ల పెట్టి చూడండి. సరైన పద్ధతి ఇది: గోడ వెనక 30 సెంటీమీటర్ల మందాన 20–40 ఎంఎం కంకర, దానికీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది). 75–100 ఎంఎం పీవీసీ పైపులు మీటరున్నరకొకటి, బయటికి కాస్త వాలుగా. మీ ఎత్తు రాతిగోడకు అడుగున 1.5 నుంచి 2 మీటర్ల వెడల్పు కావాలి. గోడ పైన వాలుకు అడ్డంగా సిమెంటు కాలువ తీసి, వాననీటిని పక్కకు మళ్లించాలి.

ఎవరూ అడగని సంగతి ఒకటుంది: మీకు పైనున్న ఇంటి సెప్టిక్ ట్యాంకు నీరు ఎక్కడికి పోతోంది? మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురున్న ఇల్లు ఏడాదికి దాదాపు 2.5 లక్షల లీటర్లు వాడుతుంది. అది 100 చదరపు మీటర్ల స్థలంలోకే ఇంకితే దాదాపు 2.5 మీటర్ల వానతో సమానం. విశాఖలో ఏడాది పొడుగునా పడే వాన మీటరు పైచిలుకే! కొండవాలులో ఇంకుడుగుంత తవ్వడం మంచిపని కాదు. ఆ నీటిని పైపు వేసి కిందికి దించాలి.

ఇప్పటికి బీటను సిమెంటుతో పూడ్చకండి. పెరుగుతోందో లేదో తెలియకుండా పోతుంది. రెండు కొసల దగ్గరా గీత గీసి తేదీ రాయండి. పెరుగుతుంటే వెనక గదులు వెంటనే ఖాళీ చేసి, జియోటెక్నికల్ (మట్టి, పునాదుల) ఇంజినీరును పిలవండి. వానల్లో గోడ పాదం దగ్గర తవ్వొద్దు. తిరిగి కట్టడం ఎండాకాలంలోనే, అదీ ఒకేసారి మొత్తం విప్పకుండా రెండు మూడు మీటర్ల ముక్కలుగా.

ప్రశ్న: మా చేనుపై వాలులో చెట్లు కొట్టి నాలుగేళ్లయింది. అప్పుడు ఏమీ కాలేదు, ఇప్పుడు మట్టి జారుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: చెట్టు కొట్టినా వేరు వెంటనే చావదు. కొన్నేళ్లపాటు మట్టిని పట్టుకునే ఉంటుంది, మెల్లగా కుళ్లుతుంది. కొత్త మొక్కల వేళ్లు ఇంకా లోతుకు దిగవు. పాత పట్టు పోయి కొత్తది రాని ఆ నడిమి ఏళ్లే గండం. చిగురు వేస్తున్న మొదళ్లుంటే పీకించకండి. దున్నకం వాలుకు అడ్డంగానే సాగాలి. వాలు మీద నేల బీటలిచ్చి ఉంటే, వాటిలోకి నీరు దిగకుండా మట్టి కూరి, వాటికి ఎగువన నీరు పక్కకు మళ్లేలా గట్టు వేయండి.