ఫుట్‌బాల్ జట్టు తడబడుతుంటే ఉన్నవాళ్లతోనే కొనసాగాలా, మొత్తం మార్చేయాలా?

పాయింట్ల పట్టిక చూసి తేల్చకండి. ఎలాంటి గోల్ అవకాశాలు సృష్టిస్తున్నారో, ప్రత్యర్థికి ఎన్ని ఇస్తున్నారో చూడండి. అవకాశాలు బాగానే వస్తూ బంతి వలలో పడకపోతే కోచ్‌ని కదపకపోవడమే మేలు. మొదటి పదకొండు మందిలో సగానికి పైగా ముప్పై దాటి, కాంట్రాక్టులు ఒకేసారి ముగుస్తుంటే మాత్రం మార్పు వాయిదా వేయకూడదు.

కొనసాగించడమంటే ఎవరినీ ముట్టుకోకపోవడం అనుకుంటారు. అది కాదు. 1995 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్, ముఖ్య ఆటగాళ్లు ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్‌లను వదులుకుని బెకమ్, స్కోల్స్ లాంటి అకాడమీ కుర్రాళ్లను దింపాడు. పాత ఆటగాళ్లు ష్మైకేల్, బ్రూస్, కీన్, కాంటొనా ఉన్నారు కాబట్టే జట్టు వెన్నెముక నిలిచింది. ఆ సీజన్లో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ వచ్చాయి.

లండన్ క్లబ్ చెల్సీ 2022-23లో దీనికి విరుద్ధంగా చేసింది. రెండు బదిలీ విండోల్లో (ఆటగాళ్లను కొని అమ్మే గడువుల్లో) కుప్పలుగా కొత్తవాళ్లు, మధ్యలో కోచ్‌ల మార్పు. చివరికి లీగ్‌లో 12వ స్థానం. ఒకరి పరుగు ఇంకొకరికి అర్థం కావడానికి వ్యవధే లేదు మరి.

డబ్బు చిక్కు వేరే ఉంది. 8 కోట్ల పౌండ్లకు కొని 8 ఏళ్ల కాంట్రాక్టు ఇస్తే, లెక్కల్లో ఏటా కోటి ఖర్చు. మూడేళ్ల తర్వాత కూడా ఖర్చుగా చూపాల్సింది ఇంకా 5 కోట్లు ఉంటుంది. అంతకంటే తక్కువకు అమ్మితే నష్టం చూపాలి. పైగా జీతం ఎక్కువైన ఆటగాణ్ని కొనేవాళ్లే దొరకరు. క్లబ్బులు ఇలా ఎక్కువ ఏళ్లకు పంచి ఏటా ఖర్చు తక్కువగా చూపుతుండటంతో, 2023లో ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ఆ గడువును ఐదేళ్లకు పరిమితం చేసింది.

ఒక్కో విండోలో ముగ్గురు నలుగురు మొదటి జట్టు ఆటగాళ్లకు మించి మార్చకండి. గోల్‌కీపర్‌నీ ఇద్దరు సెంటర్ బ్యాక్‌లనూ (రక్షణలో మధ్యన ఆడేవాళ్లు) ఒకేసారి మార్చడం అస్సలు వద్దు.